తాబేలు వెనక కాళ్ళు

(ఒక పెద్ద సూపర్‌మార్కెట్టు. సముద్ర రక్షణ వారోత్సవం. సబ్బుల వరుసలో ఆకుపచ్చ తాబేలు ఒకటి నడిచి వస్తోంది. లోపల ఇద్దరున్నారు.)

"ఒరేయ్, మెల్లగా నడవరా! ముందు కాళ్ళు నీవి కదా అని నువ్వు పరిగెత్తితే వెనక కాళ్ళవాడు ఏమైపోవాలి?"

"ష్! బావా, తాబేలు మాట్లాడకూడదు."

"మాట్లాడకూడదు సరే, తోకలో ఉన్న దర్జీ ఊపిరి కూడా పీల్చకూడదా? నాకిక్కడ నీ వీపు తప్ప వేరే లోకం లేదు."

"నాకు మాత్రం ఏం కనపడుతోంది? తాబేలు నోట్లోంచి చూడాలి. ఆ నోరు కాస్త పెద్దగా కుడితే నీ సొమ్మేం పోయేది?"

"నన్ను నోరు కుట్టమన్నారు గానీ కిటికీ కుట్టమన్నారా?"

"ఎడమకి తిరుగుతున్నా. ఎడమకి... ఎడమకి అన్నానా బావా!"

"ఎవరి ఎడమ? నీదా, నాదా?"

"ఇద్దరిదీ ఒకటే ఎడమ. ఇద్దరం ఒకవైపే చూస్తున్నాం కదా!"

"నేనేం చూడట్లేదురా. నేను వంగి ఉన్నాను. అయినా వెనక కాళ్ళకి ఎవణ్ణో పెట్టారుగా, వాడేడీ?"

"ఎదురు షాపువాళ్ళ ఆక్టోపస్‌లో చేరిపోయాడు. దాని లోపల ఫ్యాను ఉందట."

"ఫ్యానే! ఇక్కడ చెమటతో నా చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది. చక్కగా మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టుకునేవాణ్ణి. తెచ్చి తాబేలు తోకలో దోపావు నన్ను."

"నేను దోపలేదు. 'కుట్టినవాడికే దీని నడక తెలుస్తుంది' అన్నాడు మేనేజరు. కాదంటే కార్యక్రమం ఆగిపోయేది. ఆగిపోతే నా ఉద్యోగం హుళక్కి. ఉద్యోగం పోతే నేనెక్కడికి వస్తాను బావా?"

"మా ముందుగదిలోకే. నా కటింగు బల్ల కిందకే."

"అందుకే నడువు మరి."

"నడుస్తున్నాలేరా. ఆ బల్ల కోసమే నడుస్తున్నా. ఏడాదిగా దాని కింద పడుకుంటున్నావు. నువ్వు గురక పెడితే నా మిషను కుట్టు తప్పుతోంది. మొన్న ఎవరో ఆవిడ కొలతలకొచ్చి, బల్ల కింద నీ కాళ్ళు చూసి కెవ్వుమని అరిచి, గుడ్డ కూడా తీసుకోకుండా పారిపోయింది. ఇంతకీ ఆ మేనేజరు నిజంగా మాటిచ్చాడా?"

"ఒట్టు. ఇవాళ షాపు ఓనరు అమ్మగారి ముందు తాబేలు సవ్యంగా నడిస్తే ఉద్యోగం పర్మనెంటు, షాపు మేడ మీద గది కూడా నాకే. తాళం చెవి ఆయన జేబులోనే ఉంది, గలగలమంటోంది."

"అబ్బ, ఆ మాట ఇంకోసారి చెప్పరా."

"మేడ మీద గది."

"చెవుల్లో పాలు పోసినట్టుంది. పద, పద, ఎడమకేనా?"

"బావా, ఒక్క మాట. ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"గరగరా, సరసరా అంటోంది. అడుగు వేసినప్పుడల్లా."

"కొత్త గుడ్డ కదా. గంజి."

"గంజి గరగరమంటుందా?"

"కొన్ని గంజిలు అంటాయి. నువ్వు ముందు చూసి నడువు. ఎక్కడున్నాం?"

"చేపల కౌంటరు దగ్గర. ఆగు, ఎవరో ఒకాయన మనల్ని చూసి మొహం మాడ్చుకున్నాడు. చేతిలో బుట్ట, బుట్టలో చేప. విను, విను."

"ఏమయ్యా చేపలబ్బాయ్, ఈ చేప సముద్రానికి ఇబ్బంది లేకుండా పట్టిందేనా?"

"ఇబ్బందంతా చేపకేనండీ. సముద్రానికేం కాలేదు."

"అలా కాదయ్యా, దీని మీద ఆకుపచ్చ చీటీ లేదేం?"

"కావాలంటే అంటిస్తానండీ. చీటీలు నా దగ్గరే ఉన్నాయి."

"అంటించు మరి. మా ఆవిడ చీటీ లేకపోతే వండదు."

"బావా, నవ్వకు! డిప్ప ఊగుతోంది!"

"నవ్వట్లేదురా, ఏడుస్తున్నా. నడుము పట్టేసింది. పద."

"పక్కన ఇద్దరాడవాళ్ళు వస్తున్నారు. ఒకావిడ నన్ను ముద్దు చేస్తోంది. ముక్కు మీద గోకుతోంది బావా."

"ఓర్చుకో. గది గుర్తు తెచ్చుకో."

"అయ్యో పాపం చూడవే, ఎంత అమాయకంగా ఉందో! నేను మాత్రం పోయినేడాది నుంచి గుడ్డ సంచే వాడుతున్నానమ్మా."

"ఏదీ, నీ చేతిలో లేదే?"

"ఇంట్లో మర్చిపోయాను. రోజూ మర్చిపోతాను. వచ్చిన ప్రతిసారీ ఇక్కడ కొత్తది కొంటాను. ఇప్పటికి ఒక బీరువా నిండింది. సంచుల కోసం ఇంకో బీరువా చూస్తున్నాం."

"మా ఆయనైతే వెదురు టూత్‌బ్రష్షే వాడతానని ఒట్టు పెట్టుకున్నాడు. బ్రష్షు మీద ఒక ప్లాస్టిక్ డబ్బా, డబ్బా మీద ఒక కాగితం, కాగితం మీద ఇంకో ప్లాస్టిక్. అన్నీ విప్పేసరికి ఆఫీసుకి ఆలస్యం. పళ్ళు తోముకోకుండానే వెళ్తున్నాడు."

"ఎంత నిష్ఠ!"

"అదే కదా. నేను కూడా నోరు మూసుకుని భరిస్తున్నా."

"వెళ్ళిపోయారా?"

"వెళ్ళారు. బావా, మళ్ళీ గరగర. ఇది గంజి కాదు. నా చెవి పక్కనే ఏదో కదులుతోంది. చెయ్యి పెట్టి చూస్తున్నా."

"చెయ్యి పెట్టకు!"

"ఎందుకు పెట్టకూడదు?"

"కుట్టు వదులైపోతుంది. పెట్టకురా అంటే..."

"బావా."

"ఏంటి?"

"ఇది కవరు."

"ఏ కవరు?"

"ప్లాస్టిక్ కవరు బావా! పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. డిప్ప నిండా కవర్లే!"

"అరవకురా! నన్నేం చెయ్యమంటావు? కుట్టడానికి కూర్చున్నాక తెలిసింది, మీవాళ్ళు పంపిన దూది తలకాయకే సరిపోయింది. డిప్ప చూస్తే చతికిలపడిపోయింది, అప్పడంలా. రాత్రికి రాత్రి దూది ఎక్కణ్ణుంచి తేను? చేతికి దొరికింది కుక్కాను."

"సముద్రాన్ని కాపాడే తాబేలు! కడుపులో ప్లాస్టిక్! ఇవాళ షాపులో ఒక్క కవరు కనపడినా ఊస్టింగే అన్నాడు మేనేజరు. పొద్దున్నే కౌంటర్లలో ఉన్న కవర్లన్నీ మూటలు కట్టి ఎక్కడో దాచేశారు కూడా. ఇన్ని కవర్లు నీకెక్కడివి?"

"మీ అక్కవి."

"చచ్చాం."

"మంచం కింద ట్రంకు పెట్టెలో దాచుకుంది కదా, మడతలు పెట్టి, పౌడరు చల్లి. అవే."

"అక్కకి చెప్పే తీశావా?"

"చెప్తే ఇస్తుందా? అందులో మా పెళ్ళి చీర తెచ్చిన కవరు కూడా ఉంది."

"అసలు అన్ని కవర్లు ఎందుకు దాచింది బావా? నేనెప్పుడడిగినా 'నీకెందుకురా' అంటుంది."

"సముద్రం కోసం."

"ఏంటి?"

"పెళ్ళైన కొత్తలో సముద్రం చూపిస్తానన్నాను. 'స్నానం చేస్తాం కదా, తడిబట్టలు పెట్టుకోడానికి కవర్లు కావాలి' అని అప్పట్నుంచీ దాస్తోంది. ఏటా జాకెట్ల సీజనని ఒకసారి, యూనిఫారాల సీజనని ఒకసారి, వెళ్ళనే లేదు. కవర్లు మాత్రం పెరిగాయి. నాకు సిగ్గేస్తుందిరా ఆ పెట్టె చూస్తే. అందుకే నిన్న అది ఖాళీ అయిపోతే, ఛీ, మనసు తేలికైంది కూడా."

"అయితే ఆ తేలికైన మనసుని గట్టిగా పట్టుకో. అక్క వచ్చింది."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. పప్పుల వరుసలోంచి వస్తోంది. పట్టుచీర కట్టుకుంది. తమ్ముడు తాబేలైతే చూడొద్దా అని వచ్చినట్టుంది."

"ఒరేయ్, వెనక్కి తిప్పు! తాబేళ్ళు వెనక్కి నడవవా?"

"ష్! మేనేజరొస్తున్నాడు బావా!"

"ఏయ్ తాబేలూ! ఏంటా గుసగుసలు? లోపల మనిషి ఉన్నాడని తెలియకూడదని చెప్పానా లేదా? పదండి, అమ్మగారు వేదిక ఎక్కేశారు. నా పరువు మీ నాలుగు కాళ్ళ మీద ఉంది."

"సరే సార్."

"తాబేలు 'సరే సార్' అనకూడదు!"

"..."

"ఆఁ, అదీ. ఇలా వచ్చి కూర్చోండి. వల కప్పండయ్యా! బిగించి కప్పండి, నిజంగా చిక్కుకున్నట్టుండాలి. అమ్మగారూ, కత్తెర ఇదిగోండి."

"ఏ కత్తెర్రా? ఒరేయ్ బామ్మర్దీ, ఏ కత్తెర?"

"పెద్ద కత్తెర కావాలన్నారు బావా. నీ దుకాణంలోంచి తెచ్చిచ్చాను. దానికి ఎర్ర రిబ్బను కట్టారు, భలే ఉంది."

"నా కటింగు కత్తెరా? ఓరి నీ దుంప తెగ! దాన్ని నిన్ననే సాన పట్టించానురా! సూటు గుడ్డ నాలుగు మడతలేసినా వెన్నలా కోస్తుంది! ఈ డిప్ప మీదున్నది పల్చటి లైనింగు గుడ్డ!"

"మెల్లగా కోస్తారులే."

"ఆవిడకి చత్వారం ఉందా?"

"ఉంది. కళ్ళజోడు తీసేశారు."

"ఎందుకు?"

"ఫొటో కోసం."

"ప్రియమైన వినియోగదారులారా! ఈ మూగజీవాన్ని చూడండి. మనం పారేసిన వలల్లో చిక్కుకుని ఎలా వణికిపోతోందో చూడండి!"

"బావా, వణక్కు."

"వణికేది నువ్వు!"

"ఇద్దరం వణుకుతున్నాం."

"ఇదిగో, నా చేతులతో దీనికి విముక్తి కలిగిస్తున్నాను! ఇలా... ఇలా... ఈ వల చాలా గట్టిగా ఉందండీ మేనేజరు గారూ. ఆఁ, తెగింది!"

"బావా, నాకు చల్లగా గాలి తగులుతోంది."

"నాకు కూడా. వెలుతురు కనపడుతోందిరా. లోకం కనపడుతోంది."

"డిప్ప కోసేసింది బావా! కారిపోతున్నాయి! కవర్లన్నీ కారిపోతున్నాయి!"

"పట్టుకో! కాళ్ళతో తొక్కిపట్టు!"

"నావి ముందు కాళ్ళు! నువ్వు తొక్కు!"

"అమ్మా, అమ్మా! తాబేలు కడుపులో కవర్లు!"

"ఎవరా పిల్లాడు? నోరు మూయండి వాడిది! ఏయ్ తాబేలూ, ఇదేంటి? ఎవడు పెట్టాడు ఇవి? టైలరు గారూ, మీరు లోపలే ఉన్నారని నాకు తెలుసు, బయటికి రండి. ఇద్దరికీ ఇవాళే ఆఖరు. అమ్మగారూ, క్షమించండి, వీళ్ళని ఇప్పుడే..."

"అయ్యో! అయ్యయ్యో! నా కవర్లు!"

"బావా, అక్క వేదిక ఎక్కేసింది."

"నేను లేనని చెప్పు."

"ఇది నాది! ఇది కూడా నాదే! ఇది నా పెళ్ళి చీర కవరు! ఎంత అపురూపంగా చూసుకున్నాను! ఎన్నేళ్ళు దాచాను! తాబేలు కడుపులోకి ఎలా పోయిందమ్మా ఇది?"

"అందరూ చూడండి! ఈ తల్లి కన్నీళ్ళు చూడండి! ఎన్నేళ్ళ క్రితమో తన ఇంట్లోంచి పోయిన కవరుని ఇవాళ తాబేలు పొట్టలో గుర్తుపట్టింది! మేనేజరు గారూ, నేనిన్ని సభలు చూశాను, ఒక్క సభలో కూడా నేనిలా చప్పట్లు కొట్టలేదు. ఎవరిదండీ ఈ ఆలోచన? వల కోస్తే కడుపులోంచి ప్లాస్టిక్ రావడం! అబ్బబ్బ! ఎవరిది?"

"అదీ... అంటే... నాదేనండి."

"విన్నావా బావా? నాదేనంటున్నాడు!"

"అననీరా, అననీ. గది తాళం ఆయన జేబులో ఉంది."

"ఈ క్షణం నుంచి ప్లాస్టిక్ కవరు ముట్టుకోనని అందరూ ప్రతిజ్ఞ చెయ్యండి! చేతులెత్తండి!"

"ఎత్తుతున్నారా?"

"అందరూ ఎత్తారు బావా. చేపాయన రెండు చేతులూ ఎత్తాడు, చేప కూడా లేచింది. సంచులావిడ ముక్కు చీదుకుంటోంది. టూత్‌బ్రష్షు ఆవిడ కూడా ఏడుస్తోంది. చప్పట్లు... చప్పట్లు... ఇంక బిల్లుల దగ్గరికి వెళ్తున్నారు."

"ఒళ్ళు పులకరించిందిరా. మనం ఇంత పని చేశామా?"

"బిల్లుల దగ్గర గొడవ అవుతోంది బావా."

"దేనికి?"

"కవరు ఇవ్వమంటున్నారు."

"ఎవరు?"

"చేతులెత్తినవాళ్ళే. 'ఇవాళ కవర్లు లేవండీ' అంటోంది బిల్లులేసే అమ్మాయి. 'ప్రతిజ్ఞ రేపట్నుంచి మొదలుపెడతాం, ఇవాళ్టికి ఒకటివ్వు' అంటున్నారు. ఇదిగో చేపాయన వెనక్కి వస్తున్నాడు, వంగుతున్నాడు... మన కాళ్ళ దగ్గర పడ్డవి ఏరుకుంటున్నాడు! అందరూ ఏరుకుంటున్నారు!"

"ముట్టుకోకండి! అవి నావి! ఏమయ్యా పెద్దమనిషీ, నా పెళ్ళి చీర కవర్లో చేప పెడతావా? ఇటియ్యి! ఇస్తావా, కరవనా?"

"మీ అక్క కరిచిందా?"

"కరవలేదు. ఇచ్చేశాడు. బావా, ఇంక బయటికొద్దాం. అక్క మనవైపే చూస్తోంది."

"రాను. నాకిక్కడే బాగుంది. ముందు మేనేజరుతో గది సంగతి తేల్చుకుని రా. నేను వెనక దారిన కాళ్ళీడ్చుకుంటూ గోదాములోకి పోతాను."

(గోదాము. తాబేలు గోడకి చేరబడి ఉంది. ఎదురుగా దర్జీ భార్య నిలబడి ఉంది.)

"బయటికి రండి. మీ చెప్పులు కనపడుతున్నాయి."

"వస్తున్నానే. కొట్టవు కదా? ముందు నా మాట విను. దూది సరిపోలేదు. డిప్ప చతికిలపడింది. తప్పు నాదే. ట్రంకు పెట్టె తీసింది నేనే. చెప్పకుండా తీసింది నేనే."

"ఎన్నేళ్ళు దాచానండీ!"

"తెలుసు. ఎందుకు దాచావో కూడా తెలుసు. అందుకే చెప్తున్నా, ఈ సీజను అవ్వగానే సముద్రానికి వెళ్దాం. ఒట్టు. ఈసారి యూనిఫారాలు వచ్చినా, పెళ్ళిళ్ళు వచ్చినా మిషను మూసేసి వెళ్దాం."

"మరి తడిబట్టలు?"

"చేత్తో పట్టుకుందాం. పిండి భుజాన వేసుకుందాం."

"భుజానేసుకుని బస్సెక్కుతారా? బాగానే ఉంది సంబడం. సరేలెండి, నా సంగతి నేను చూసుకున్నాను. ఆ మేనేజరుని గట్టిగా నిలదీశాను. నా కవర్లకి బదులు కవర్లిస్తే సరి, లేకపోతే అమ్మగారి దగ్గరికెళ్ళి ఈ ఆలోచన మా ఆయనదని చెప్తానన్నాను."

"అమ్మో! ఏమన్నాడు?"

"చెమటలు తుడుచుకుని రిక్షా మాట్లాడి ఎక్కించాడు. ఇంట్లో దింపించి, సర్దేసి, ఇప్పుడే వచ్చాను."

"ఏం సర్దావు?"

"అదిగో తమ్ముడొచ్చాడు. వాణ్ణి అడగండి ముందు. మొహం చూడండి, వెలిగిపోతోంది."

"బావా! పర్మనెంటు బావా! అమ్మగారే స్వయంగా చెప్పారు! రోజూ ఈ ఆటే ఆడాలట. రోజూ వల, రోజూ కత్తెర, రోజూ కడుపులోంచి కవర్లు!"

"రోజూ నేను మళ్ళీ కుట్టాలా?"

"నువ్వు కూడా పర్మనెంటే. వెనక కాళ్ళు."

"నా వెనక కాళ్ళ సంగతి తర్వాత. తాళం? తాళం ఇచ్చాడా?"

"ఇచ్చాడు. ఇదిగో! మేడ ఎక్కి చూసి కూడా వచ్చాను. భలే గది బావా. రెండు కిటికీలు, వీధివైపు ఒకటి. గాలే గాలి."

"ఒరేయ్ నా బంగారం! ఇటు రారా, ఒకసారి కావలించుకోనీ! ఇవాళ రాత్రికి నీ చాప, నీ దిండు నేనే మోసుకొచ్చి పడేస్తాను. నా బల్ల... నా కటింగు బల్ల... దాని కింద ఊడ్చి, కడిగి, ముగ్గేసుకుంటాను!"

"చాప వెయ్యడానికే కాస్త..."

"కాస్త ఏంటి?"

"తలుపు తీశాను కదా. మీద పడ్డాయి."

"ఏంటి మీద పడ్డాయి?"

"మూటలు. పొద్దున దాచిన కవర్లు అక్కడే ఉన్నాయి. రోజూ తాబేలు కడుపు నింపాలి కదా, అమ్మగారు ఇంకో లారీడు కొత్తవి చెప్పేశారు, సముద్రం కోసం. అవి కూడా ఆ గదిలోకే. కిటికీలు కూడా మూసుకుపోతాయట. బావా? ఏమైంది బావా? కూలబడ్డావేం?"

"ఏం కాలేదురా. తల ప్రాణం తోకకొచ్చింది. అలవాటైపోయింది ఇవాళ. సరేలే, ఏడాది పడుకున్నావు, ఇంకో నాలుగు రోజులు బల్ల కిందే పడుకో. ఏం చేస్తాం."

"బల్ల కింద కుదరదండీ. మేనేజరు ఇచ్చిన కవర్లన్నీ అక్కడే సర్దాను, వేలు పెట్టే సందు లేదు."

"అందుకే బావా, నా చాప బల్ల మీద వేసేసిందట అక్క."